వదిన ఫోన్లో వచ్చిన ఆ యాడ్ నేనే వేసినా అక్కా, ఇప్పుడేం చెయ్యాల?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక చెల్లి రాసింది, పేరు పెట్టద్దు అనింది. వయసు 26, ఎంబీఏ అయినాక ఒక చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలో చేరి రెండేళ్లయింది. బట్టల షాపులు, ప్లాట్ల వెంచర్లు, రెండు మూడు హాస్పిటళ్లు వాళ్ల క్లయింట్లు, అందరికీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ రన్ చేసేది ఈ చెల్లే. ఇంట్లో అమ్మ, అన్న, వదిన. అన్నకి పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. కొన్ని నెలల కిందట వదిన ఈమెని మేడ మీదికి పిలిచి, మేమిద్దరం ఫర్టిలిటీ క్లినిక్‌కి పోతా ఉన్నాం, నీకొక్కదానికే చెప్తా ఉన్నా, అత్తకి మాత్రం తెలియకూడదు అనిందంట. ఏ క్లినిక్కో వదిన చెప్పలేదు, ఈమె అడగలేదు.

రాత్రిపూట సీరియల్ అయిపోయినాక అమ్మ వదిన ఫోన్ తీసుకుని వంటల రీల్స్ చూస్తాదంట. ఒకరోజు రెండు రీల్స్‌కొకసారి ఒకటే యాడ్, 'పెళ్లయి రెండేళ్లయినా పిల్లలు లేరా? ఇంకా ఆలస్యం ఎందుకు?' అని, కింద క్లినిక్ పేరు, అపాయింట్‌మెంట్ బటన్. నీ ఫోన్లోనే ఇది ఇన్నిసార్లు ఎందుకొస్తాదమ్మా అని మొదలుపెట్టిన అమ్మ లోపం ఎవరిలో ఉందనే దాకా పోయింది. వారం తిరక్కుండా అమ్మ ఫోన్లో కూడా అదే క్లినిక్ యాడ్. దాంతో వదినకి ఖాయమైపోయింది, నీకు తప్ప ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నువ్వే అత్తకి చెప్పినావు, ఆమె తన ఫోన్లో వెతికింది కాబట్టే ఆమెకీ వస్తా ఉన్నాయి అని మాట్లాడ్డం మానేసి పలమనేరు పుట్టింటికి పోయి కూర్చుంది.

ఇంతవరకే అయితే నేను ఇంకోలా రాసేదాన్ని. కానీ ఆ యాడ్ వేసింది ఈ చెల్లే. క్లినిక్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ షీటు, అందులో 1,400 మంది దాకా పేషెంట్ల పేర్లు, నెంబర్లు, దాన్ని ఫేస్‌బుక్‌లో కస్టమ్ ఆడియన్స్ కింద, అంటే ఈ లిస్టులో ఉన్నవాళ్లకే యాడ్ చూపించు అని, అప్‌లోడ్ చేసింది. పేర్లు చదవలేదంట. గొడవైనాక షీటు తెరిచి వదిన నెంబర్ కొట్టి వెతికితే, ఉండాది. "నేను అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదక్కా, కానీ బయటపెట్టింది నేనే అయినానే. వదినకి చెప్తే ఉద్యోగం పోతాదని భయం, చెప్పకపోతే వదిన ఇంక నన్ను నమ్మదు. ఆ నెంబర్ ఒక్కటి షీటులోంచి తీసేసి ఊరుకుంటే సరిపోతాదా?" అని అడుగుతా ఉంది.

చూడు మా, ఫస్ట్ నీ మీద నువ్వు వేసుకున్న భారంలో ఎంత నీదో ఎంత కాదో చూద్దాం. వదినకి ఇచ్చిన మాట నువ్వు తప్పలేదు, అది నిజం. పేషెంట్ల నెంబర్లు యాడ్స్ కోసం బయటికి పంపింది క్లినిక్, వాళ్లు చేసింది తప్పు. హాస్పిటల్ షీటు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడక్కుండా తీసుకున్నది మీ ఓనర్, ఆయన తప్పూ ఉంది. మూడోది నీది, వేరే షాపుల లిస్టులు ఎట్ల ఎక్కిస్తావో దీన్నీ అట్లే ఎక్కించినావు. చీరల షాపు కస్టమర్ల లిస్టు, ఫర్టిలిటీ పేషెంట్ల లిస్టు ఒకటి కాదని నీకు ఎవరూ చెప్పలేదు, ఒప్పుకుంటా. ఇప్పుడు మాత్రం తెలిసింది కదా.

ఏం జరిగిందో సరిగ్గా తెలిస్తేనే వదినకి చెప్పగలవు, కాబట్టి నీకు తెలిసిందే అయినా ఒకసారి మళ్లీ చెప్తాను. మీరు షీటు ఎక్కించినప్పుడు నెంబర్లు నేరుగా పోవు, బ్రౌజర్‌లోనే హాష్ అయి, అంటే ఒక పొడుగాటి కోడ్ అయిపోయి పోతాయి. ఫేస్‌బుక్ తన దగ్గరున్న అకౌంట్ల నెంబర్లని కూడా అదే లెక్కలో కోడ్ చేసి రెండూ పోల్చుకుంటాది, కలిసిన వాళ్లందరికీ యాడ్ పోతాది. ఎవరెవరు కలిసినారో మీకు చూపించదు. మీ ఓనర్ 'అంతా ఎన్‌క్రిప్టెడ్ మా, ఏం భయం లేదు' అంటాడేమో, నేను ఇలాంటి వాళ్లని చాలామందిని విన్నాను. ఒకే నెంబర్‌కి ఎప్పుడూ ఒకే కోడ్ వస్తాది, అందుకే కదా పోల్చగలుగుతా ఉన్నారు. ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి పెట్టుకుని ఇంటికి తాళం వేసినాం అన్నట్టుంటాది. హాష్ చేసినంత మాత్రాన డేటా ఎవరిదో తెలియకుండా పోదని అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో గట్టిగానే రాసింది.

ఇంకోటి, అప్‌లోడ్ చేసేటప్పుడు ఈ డేటా ఎక్కడినుంచి వచ్చింది అని ఒక ప్రశ్న అడుగుతాది, గుర్తుందా? నేరుగా కస్టమర్ల దగ్గర్నుంచి, పార్ట్‌నర్ల దగ్గర్నుంచి, రెండూ అని. మనవాళ్లు ఏదో ఒకటి టిక్ పెట్టి ముందుకు పోతారు. ఆ టిక్‌తో పాటు, ఈ డేటా వాడే హక్కు, అనుమతి మాకు ఉన్నాయి అని షరతులకి ఒప్పుకున్నట్టే. ఆరోగ్య సమాచారం మాకు పంపొద్దని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ మెటా తన బిజినెస్ టూల్స్ షరతుల్లో రాసే పెట్టింది. ఆ యాడ్‌లో రాసిన మాట కూడా తేడానే. చూసే మనిషికి ఫలానా జబ్బు, ఫలానా లోపం ఉందన్నట్టు ధ్వనించే యాడ్ వేయకూడదని మెటా యాడ్ పాలసీలో ఉంది, 'పిల్లలు లేరా?' అని మొహం మీద అడగడం సరిగ్గా అదే కోవకి వస్తాది. 'మా దగ్గర ఐవీఎఫ్ సేవలు ఉన్నాయి' అని వేసుంటే మీ అమ్మ అంతగా ఆగి చూసేది కాదేమో కూడా.

మరి అమ్మ ఫోన్‌కి ఎట్లొచ్చింది? ఫోన్ మన మాటలు వింటాది అని ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. 2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్స్ పరీక్షించి చూసినారు, దొంగచాటుగా మైకు ఆన్ చేసి మాటలు రికార్డు చేసి పంపుతున్నట్టు ఆధారం దొరకలేదు. వినాల్సిన పనే లేదు లే. నేను ఊహించేది ఏందంటే, వదిన ఫోన్లో ఆ యాడ్ చూసినాక అమ్మ తన గదిలోకి పోయి తన ఫోన్లో ఆ క్లినిక్ పేరు కొట్టి వెబ్‌సైట్ తెరిచింటాది, అత్తలు చేసే పనే. ఆ సైట్లో మెటా పిక్సెల్ అని చిన్న కోడ్ ముక్క ఉంటే ఈ ఫోన్ ఇక్కడికి వచ్చి పోయింది అని ఫేస్‌బుక్‌కి కబురు పోతాది, మరుసటి రోజునుంచి యాడ్ వెంటపడతాది. కాబట్టి అత్త వెతికింది అని వదిన అనుకున్నది కరెక్టే అయి ఉండొచ్చు, నువ్వు చెప్పినందుకు వెతికింది అనేదొక్కటే తప్పు. ఇంకో దారి కూడా ఉంది, తిరుపతి చుట్టూ ఇన్ని కిలోమీటర్లు, ఆడవాళ్లు, ఫలానా వయసు అని ఓపెన్‌గా ఇంకో యాడ్ సెట్ పెట్టినారా, లేకపోతే ఆ పేషెంట్ లిస్టు నుంచే లుక్‌అలైక్, అంటే ఆ లిస్టులోని వాళ్లని పోలిన ఇంకో గుంపు, చేసినారా అన్నది నువ్వే యాడ్స్ మేనేజర్‌లో చూసుకో, అప్పుడు ఊహతో పనిలేదు.

ఇక్కడ నీ ప్రశ్నకి వస్తాను. వదిన నెంబర్ ఒక్కటి తీసేస్తే వదినకి ఆ లిస్టు వల్ల వచ్చే యాడ్ ఆగుతాది, ఆడియన్స్ అప్‌డేట్ కావడానికి కొంచెం టైం పడుతుంది అంతే. కానీ మిగతా 1,400 మందిలో ఎంతమంది ఇళ్లల్లో ఎంతమంది అత్తలు రీల్స్ చూస్తా ఉన్నారో! నీ వదిన కాబట్టి నీకు తెలిసింది. నా మాట అడిగితే అది చెయ్యద్దంటాను, చేస్తే వదినకి చెప్పకుండా ఇంకో దాపరికం మొదలైనట్టు, రేపు అదీ బయటపడితే నీకు మాట్లాడ్డానికి నోరుండదు. ఇంకోటి, ఆ షీటు మళ్లీ తెరవద్దు. వెతికింది ఎందుకో అర్థమైంది, కానీ అందులో నీకు తెలిసిన వాళ్లు ఇంకెవరు ఉన్నారో నీకు తెలియకపోవడమే మంచిది.

ఆఫీసులో నువ్వు చెయ్యగలిగేది ఇది. ఆ కస్టమ్ ఆడియన్స్ మొత్తం డిలీట్ చేద్దాం, దాన్నుంచి పుట్టిన లుక్‌అలైక్ ఉంటే అదీ తీసేద్దాం అని ఓనర్‌ని అడుగు. నోటితో కాదు, వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో నాలుగు లైన్లు. ఎందుకంటే అప్‌లోడ్ నీ లాగిన్‌తో జరిగింది, రేపు ఏదైనా అయితే ఆ పాప చేసింది అనడం చాలా ఈజీ. ఆయన ఒకవేళ, సరే యాడ్ చూపించడానికి వద్దు, పాత పేషెంట్లకి డబ్బులు వేస్ట్ కాకుండా వాళ్లని ఎక్స్‌క్లూడ్ చేయడానికి వాడదాం అంటాడు. వినడానికి బాగుంటాది, కానీ చూపించడానికైనా చూపించకుండా ఉండడానికైనా షీటు పోయేది అక్కడికే.

డాక్టర్లని భయపెట్టాలని కాదుగానీ, వాళ్లకి చట్టం సంగతి గుర్తుచేస్తే త్వరగా దిగొస్తారు. ఐవీఎఫ్ లాంటి చికిత్సలు చేసే క్లినిక్‌లకి 2021లో ఏఆర్‌టీ చట్టం అని ప్రత్యేకంగా ఒకటి వచ్చింది, దంపతుల వివరాలు, చికిత్స సంగతి గోప్యంగా ఉంచాలి అని అందులో ఉంది, జాతీయ రిజిస్ట్రీ, వాళ్లే అడిగిన ఎమర్జెన్సీ, కోర్టు ఆర్డరు, ఇవి తప్ప వేరే ఎవరికీ చెప్పకూడదు. ఇన్‌స్టాగ్రామ్ ఆ వరసలో ఎక్కడా లేదు కదా. డాక్టర్ల ప్రవర్తనా నియమాల్లో కూడా, 2002వి, పేషెంటు రహస్యం బయటపెట్టకూడదని ఉంది. డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చినాయి, అందులో ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు టైం ఇచ్చినారు. అవి వచ్చినాక మీ డేటా ఫలానా పనికి వాడుకుంటాం అని విడిగా అడిగి ఒప్పించుకోవాల, కావాలంటే తెలుగులో అడిగి తీసుకునే హక్కు మనకుంటాది, తప్పు పెద్దదైతే జరిమానా 250 కోట్ల దాకా పోతాది. రిసెప్షన్‌లో ఫారం నింపేటప్పుడు నెంబర్ ఇచ్చింది రిపోర్టు వచ్చిందని ఫోన్ చేస్తారని, యాడ్స్ కోసం కాదు.

మన ఓనర్లకి బయటిదేశం ఉదాహరణ చెప్తే ఇంకా బాగా ఎక్కుతాది కాబట్టి ఇది కూడా పెట్టుకో. గుడ్‌ఆర్‌ఎక్స్ అని అమెరికాలో మందుల మీద డిస్కౌంట్లు ఇచ్చే యాప్. బీపీ మందులు, గుండె మందులు కొన్నవాళ్ల లిస్టులు తయారుచేసి ఈమెయిళ్లు, ఫోన్ నెంబర్లు ఫేస్‌బుక్‌కి ఎక్కించి వాళ్లకి ఆరోగ్య యాడ్స్ చూపించింది, ఇది 2019లో. అంటే అచ్చం నువ్వు చేసిన పనే. 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది, 15 లక్షల డాలర్లు కట్టుకుంది.

లిస్టు లేకపోతే లీడ్స్, అంటే అపాయింట్‌మెంట్ అడిగే కొత్తవాళ్లు, ఎట్ల వస్తారు అని ఓనర్ అడుగుతాడు, అడిగే తీరుతాడు. ఖర్చు కొంచెం పెరుగుతాది, అబద్ధం చెప్పను. డాక్టరుతో తెలుగులో చిన్న చిన్న వీడియోలు చేయించి ఊరు, వయసు మాత్రం పెట్టి వదలొచ్చు, ఐవీఎఫ్ తిరుపతి అని గూగుల్‌లో తామే వెతికే వాళ్లకి సెర్చ్ యాడ్ పెట్టొచ్చు. జనాల వివరాలు సేకరించి అమ్మే డేటా బ్రోకర్ల కేటగిరీలు టిక్ పెట్టుకునే వీలు ఫేస్‌బుక్‌లో 2018 దాకా ఉండేది, యూజర్ల డేటా వాళ్లకి తెలియకుండా వాడుకున్న కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ అయినాక తీసేసినారు. ఆరోగ్య విషయాల మీద ఆసక్తి చూపించేవాళ్లకే యాడ్ పంపే ఇంట్రెస్ట్ ఆప్షన్లు 2022 జనవరిలో తీసేసినారు. అందుకే మీ ఏజెన్సీ లాంటివి అన్నీ క్లయింటు తెచ్చే లిస్టు మీద పడినాయని నా అభిప్రాయం, ఆ వాకిలి అప్పుడు మూయలేదు కదా.

ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు నీకు రెండు మూడు దార్లు. ఆ క్లినిక్ అకౌంట్ నాకు వద్దు, వేరేవాళ్లకి ఇవ్వండి అనొచ్చు, ఉద్యోగం ఉంటాది, లిస్టు కూడా ఉంటాది, ఇంకో అమ్మాయి అదే పని చేస్తాది. లేదంటే వేరే ఉద్యోగం చూసుకుని బయటికి రావచ్చు, కానీ చేతిలో ఇంకోటి లేకుండా రాజీనామా చెయ్యమని నేను చెప్పను, ఇంట్లో నీ జీతం మీద ఏమేం నడుస్తాయో నాకు తెలియదు. కంప్లైంట్ దారి కూడా ఉంది, స్టేట్ మెడికల్ కౌన్సిల్‌కి రాయొచ్చు, అది పేషెంటుగా వదిన హక్కు, నువ్వు ముందుపడి రాస్తే ఆమె సంగతి ఇంకో ఆఫీసులో ఫైలు అయి కూర్చుంటాది, ఆమె ఒప్పుకోకుండా మాత్రం వద్దు. ఏ దారైనా ముందు ఒక పని చెయ్యి, షీటు అప్‌లోడ్ చెయ్యమని ఎవరు చెప్పినారో ఆ మెసేజ్, యాడ్ సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, పేషెంట్ల పేర్లు మాత్రం వద్దు. ఆ తర్వాత నీ ల్యాప్‌టాప్‌లో, వాట్సాప్‌లో, డ్రైవ్‌లో ఉన్న షీటు కాపీలు ఏమున్నాయో చూపించి తీసేద్దామని కూడా అదే మెసేజ్‌లో అడుగు.

ఇప్పుడు వదిన. ఒక తెలివైన దారి నీకు ఇప్పటికే తోచి ఉంటాది. ఆ యాడ్ మీద మూడు చుక్కలు నొక్కితే 'వై ఆమ్ ఐ సీయింగ్ దిస్ యాడ్' అని వస్తాది, అందులో ఈ అడ్వర్టైజర్ ఒక లిస్టు వాడినాడు అని కనపడుతుంది. వదినా, చూడు, క్లినిక్ వాళ్లే నీ నెంబర్ ఇచ్చినారు, నేను కాదు అని అది చూపించి, నీ సంగతి దాచేసి బయటపడొచ్చు. ఉద్యోగానికి ఢోకా ఉండదు, వదిన కోపం క్లినిక్ మీదికి పోతాది. కానీ ఇంకో మార్కెటింగ్ పార్ట్‌నర్‌తో కలిసి యాడ్ వేసింటే ఆ సంగతి కూడా అక్కడే చూపిస్తామని ఫేస్‌బుక్ 2019లోనే చెప్పింది. మీ ఏజెన్సీ పేరు అక్కడ కనపడితే ఏం చేస్తావు? కనపడకపోయినా, నువ్వు ఏం పని చేస్తావో వదినకి తెలుసు, పలమనేరులో పనేం లేకుండా కూర్చుని ఆలోచిస్తే రెండో రోజుకి తట్టేస్తాది.

మొత్తం చెప్పేస్తే కోపం వస్తాది, ఈసారి నిజంగానే నీ మీద. క్లినిక్‌కి ఫోన్ చేసి అరవొచ్చు, అది మీ ఓనర్ దాకా రావొచ్చు. అందుకే ఆఫీసులో మెసేజ్ పెట్టినాక చెప్పు, ముందు కాదు, అప్పుడు 'ఇది జరిగింది, ఆపమని రాసినాను' అని చెప్పగలవు. ఫోన్లో కాదు, బస్సెక్కి పో. అన్నతో చెప్పి పంపడం కూడా వద్దు, అన్న మధ్యలో నలిగిపోతాడు, సగం చెప్పి సగం మింగుతాడు. అత్తకి నేను చెప్పలేదు, లిస్టు ఎక్కించింది నేను, నీ పేరు అందులో ఉందని అప్పుడు తెలియదు. ఈ మూడు మాటలు అదే వరసలో చెప్పి ఆగు, ఏడవద్దు, నీ ఏడుపు ఆమె తుడవాల్సిన పరిస్థితి తేవద్దు. నాకైతే ఈ దారే నచ్చింది, కానీ ఆ ఇంట్లో ఉండేది నువ్వు, వదిన స్వభావం నాకంటే నీకే తెలుసు.

ఆమె ఒప్పుకుంటే, అక్కడే ఆమె ఫోన్లో ఈ పనులు ఆమె చేత్తోనే చేయించు. అకౌంట్స్ సెంటర్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్‌కి పోతే ఆ క్లినిక్ పేరు దొరుకుతాది, వాళ్ల యాడ్స్ హైడ్ చెయ్యొచ్చు, లిస్టు వాడి నాకు యాడ్ చూపించొద్దు అని కూడా పెట్టొచ్చు. యాడ్ టాపిక్స్‌లో పేరెంటింగ్ అని ఉంటాది, దాన్ని సీ లెస్ చేస్తే పసిపిల్లల డైపర్లు, ఉయ్యాలల యాడ్స్ కూడా తగ్గుతాయి, ఇప్పుడు ఆమెకి అది చాలా అవసరం అనుకుంటా. అదే అకౌంట్స్ సెంటర్‌లో ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్ కింద 'యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్' అని ఉంది, ఏ ఏ వెబ్‌సైట్లు, యాప్‌లు ఆమె గురించి కబుర్లు పంపినాయో వరసగా కనపడతాయి. పాతది క్లియర్ చేసి, ఇకమీదటిది డిస్‌కనెక్ట్ చెయ్యండి. ఫేస్‌బుక్‌తో లాగిన్ అయిన యాప్‌లు ఏవైనా ఉంటే అవి లాగౌట్ అవుతాయి, ముందే చెప్పు, లేకపోతే ఇంకో గొడవ. గూగుల్‌లో మై యాడ్ సెంటర్‌కి పోయి ప్రెగ్నెన్సీ అండ్ పేరెంటింగ్ యాడ్స్ తగ్గించమని పెడితే యూట్యూబ్‌లో కూడా నెమ్మదిస్తాది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్, అక్కడ అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే యాడ్స్ కోసం ఫోన్‌ని గుర్తుపట్టే నెంబర్, డిలీట్ అని ఒక బటన్. ఇవన్నీ చేసినా యాడ్స్ సున్నా కావు. క్లినిక్ షీటులో ఆమె నెంబర్ కూడా అట్లే ఉంటాది, ఆమె ఫోన్లో ఏ బటనూ దాన్ని తీయలేదు. తీసేయమని ఆమే క్లినిక్‌కి రాతపూర్వకంగా అడగాల, నా నెంబర్ ప్రమోషన్లకి వాడొద్దు అని ఒక్క లైన్ చాలు. దానివల్ల ట్రీట్‌మెంట్ ఆపాల్సిన పనిలేదు, అది ఆమెకి గట్టిగా చెప్పు, కోపంలో మధ్యలో మానేస్తే నష్టం ఆమెకే.

ఇంక రీల్స్ కోసం అత్తకి ఫోన్ ఇవ్వాలా వద్దా అనేది వదిన ఇష్టం. అమ్మకి తన ఫోన్లోనే వంటల పేజీలు నాలుగు ఫాలో చేసి పెట్టియ్యి, సగం సమస్య అక్కడే తీరుతాది. అమ్మ నిన్ను పట్టుకుని నీకేమన్నా తెలుసా, ఏ డాక్టరు, ఎవరికి లోపం అని గుచ్చి గుచ్చి అడుగుతాది, అప్పుడు మాత్రం ఒకటే జవాబు పెట్టుకో, 'అది వాళ్లిద్దరి సంగతి మా, చెప్పాలనుకుంటే వాళ్లే చెప్తారు, నన్ను అడగద్దు.' ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అదే చెప్పు, వదిన పక్కన లేనప్పుడు కూడా.